ఉత్తి కత్తెర

మా నాన్న సెలూన్లో కుర్చీ ఒక్కటే. అద్దం మాత్రం గోడంత. కుర్చీలో కూర్చున్న మనిషి అద్దంలోకి చూసి మాట్లాడతాడు. నాన్న అతని వెనక నిలబడి, అద్దంలోకే చూసి జవాబు చెబుతాడు. వెనక బల్ల మీద వంతు కోసం కాచుకున్నవాళ్ళు కూడా అద్దంలో ఉన్న ఆ ఇద్దరితోనే కబుర్లాడతారు. ఇక అమ్మ సినిమా హాల్లో టికెట్లు ఇచ్చేది. చెయ్యి పట్టేంత కంత, అందులోంచి ఎదుటివాళ్ళ వేళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. వీధిలో ఎవరైనా పలకరిస్తే అమ్మ ముందు వాళ్ళ చేతులు చూసి, ఆ తర్వాత మనిషిని పోల్చుకునేది. ఎదుటి మనిషి మొహంలోకి తిన్నగా చూడాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ పడలేదన్నమాట. దానివల్ల కొంపలేమీ మునగవనే అనుకున్నాం, నేను పన్నెండో తరగతిలో ఉన్న ఆ చలికాలం దాకా.

సెలూను ముందు గది, దాని వెనక మేముండే రెండు గదులు. వెనక గదుల్లో పట్టపగలు కూడా దీపం వేసుకోవాలి. ముందు గదిలో అద్దానికి అటొకటి, ఇటొకటి ట్యూబులైట్లు ఉండేవి. వెలుతురు చాలకపోతే చెవులు తెగుతాయని నాన్న వాటి విషయంలో మాత్రం పిసినారితనం చేసేవాడు కాదు. వేడినీళ్ళ బాయిలరు కూడా అక్కడే ఉండటంతో చలికాలం ఆ గది వెచ్చగా ఉండేది. అందుకే నా చదువంతా ఆ బల్ల చివర, గోడకి ఆనుకుని సాగింది. సబ్బు వాసన, తడి తువ్వాళ్ళ ఆవిరి, కత్తెర చప్పుడు. ఇవి లేకపోతే నాకు లెక్కలు తెగేవి కావు.

ఆ కత్తెరలో రెండు చప్పుళ్ళు ఉండేవి. జుట్టు తెగుతున్నప్పుడు కాస్త మెత్తగా మోగుతుంది. గాలిలో ఆడించినప్పుడు టిక్ టిక్ మని పొడిగా మోగుతుంది. ఆ రెండోదానికి నేనూ నాన్నా పెట్టుకున్న పేరు ఉత్తి కత్తెర. అది ఎక్కువగా తొందర మామయ్య కోసం ఆడేది. ఆయన లారీ డ్రైవరు. మాకు చుట్టం కాదు, పక్కం కాదు. నాన్నని బావా అని పిలిచే హక్కు ఆయనకి ఎవరిచ్చారో ఆయనకే తెలియాలి. "తొందరగా కానియ్యి బావా, అవతల లోడు ఆగిపోయింది" అంటూ వచ్చేవాడు. పనయ్యాక నాన్న చేతి అద్దం తల వెనక పట్టి "సరిపోయిందా?" అని అడిగితే, "ఇంకొంచెం తియ్యి బావా" అనేవాడు. ఇంకొంచెం తీయడానికి ఆ తలలో ఏమీ మిగిలి ఉండేది కాదు. ఆయన భార్య పోయింది, ఇంటికి వెళితే తాళం తీసుకోవాల్సింది ఆయనే. నాన్న ఆ మెడ చుట్టూ కాసేపు ఉత్తి కత్తెర ఆడించేవాడు. మామయ్య కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. అది ఉత్తి కత్తెరని ఆయనకి తెలుసో తెలియదో మేమెప్పుడూ అడగలేదు.

ఆ ఏడాది చలికాలం మొదట్లో పెద్ద యూనివర్సిటీ రాతపరీక్ష గట్టెక్కాను. మా స్కూలు మొత్తంలో నేనొక్కదాన్నే. నాకు కావలసింది వాతావరణశాస్త్రం. ఆ సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అడిగేవాళ్ళు కోకొల్లలు. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. అందులో తప్పితే మా ఊళ్ళోనే ఏదో ఒక కోర్సులో చేరి, సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని టికెట్లు చింపాలి. "అదేం చిన్నతనమా? నేను చింపడం లేదూ?" అనేది అమ్మ. అనేటప్పుడు నా మొహం చూసేది కాదు. అమ్మ ఎప్పుడూ చూసేది కాదనుకోండి, కానీ ఆ మాట అనేటప్పుడు మరీ చూసేది కాదు.

ఇంటర్వ్యూ అనేది మా ఇంటా వంటా లేదు. అందుకని నాన్న సెలూన్లో ఒక చట్టం పెట్టాడు.

"ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరైనా సరే, మా అమ్మాయిని ఒక ప్రశ్న అడగాలి. అడగకపోతే సగం గడ్డంతోనే పంపించేస్తా."

నన్ను బల్ల మీంచి లేపి తన పక్కన, కుర్చీ వెనక నిలబెట్టుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు కూర్చుని జవాబు చెప్పడం ఏం మర్యాద అని ఆయన ఉద్దేశం. అలా నేను అద్దంలోకి చూస్తూ, అద్దంలో ఉన్న నురగ మొహాలకి జవాబులు చెప్పడం నేర్చుకున్నాను. మబ్బు బరువెంత అని ఒకాయన అడిగాడు. నీలో ఉన్న లోపం ఏమిటని ఇంకొకాయన అడిగితే, నేను నోరు తెరిచేలోపు బల్ల మీదివాళ్ళు నాలుగు లోపాలు చెప్పేశారు. అందరిలోకీ ఈ పనిని నెత్తినేసుకున్నవాడు ప్లీడరు గారు. కోర్టులో ఆయన మాట ఎంతమంది వినేవారో తెలియదు గానీ మా సెలూన్లో అందరూ వినేవారు.

"అమ్మాయ్, నేను ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్ని అనుకో. మా యూనివర్సిటీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?"

"వాతావరణం గురించి చదువుకోవాలని ఉందండీ."

"ఛ, అదేం జవాబు? కొట్టుకెళ్ళి చక్కెర పొట్లం అడిగినట్టుంది. ఇలా చెప్పు. జ్ఞానార్జన ద్వారా వ్యక్తిగత వికాసాన్నీ, తద్వారా సమాజ శ్రేయస్సునూ సాధించాలన్న దృఢ సంకల్పంతో, ఈ మహోన్నత విద్యాసంస్థ నీడన..."

"సార్, దీనికి బ్రేకులెక్కడ?" అన్నాడు తొందర మామయ్య బల్ల మీంచి.

"బ్రేకు వెయ్యకూడదయ్యా. మధ్యలో ఆగితే కేసు పోతుంది."

ఆ వాక్యం నాకు నోటికి వచ్చేసరికి నాన్నకి కూడా వచ్చేసింది. కత్తెర దరువు మీద నేను చెబుతూ ఉంటే, 'దృఢ సంకల్పంతో' దగ్గర నాన్న దువ్వెన దులిపేవాడు. బల్ల మొత్తం భేష్ అనేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఊరు కాని ఊరి సీటు కోసం ఒక గదిలో అంతమంది సబ్బు మొహాలతో కష్టపడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇంటర్వ్యూకి వారం ముందు మా సైన్సు టీచరు నన్ను ఒకసారి పరీక్షిద్దామని, హెడ్మిస్ట్రెస్ గారి గదిలోనే ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది. ఇద్దరూ టేబులుకి అటువైపు కుర్చీల్లో కూర్చున్నారు. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, నమస్కారం పెట్టి, టేబులు చుట్టి వెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారి కుర్చీ వెనక నిలబడ్డాను. అందులో నాకేమీ తేడా కనపడలేదు. ప్రశ్న అడిగేవాళ్ళు కూర్చుంటారు, జవాబు చెప్పేవాళ్ళు వెనక నిలబడతారు.

హెడ్మిస్ట్రెస్ గారు మెడ వెనక్కి తిప్పి నన్ను చూశారు.

"ఎక్కడికమ్మా? నాకు జడ వేస్తావా ఏంటి?"

సిగ్గుతో చచ్చిపోయి ముందుకొచ్చి నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చున్నాక ఇంకో చిక్కు వచ్చింది. మాట్లాడుదామంటే అద్దం లేదు. వాళ్ళ వెనక పుస్తకాల బీరువాకి గాజు తలుపులు ఉన్నాయి. అందులో వాళ్ళ వీపులు, వాటి మధ్య నా మొహం మసగ్గా కనిపించాయి. హమ్మయ్య అనుకుని, మొదటి మూడు నాలుగు ప్రశ్నలకి ఆ గాజుతోనే జవాబులు చెప్పాను. చివరికి యూనివర్సిటీలో ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగారు. 'సమాజ శ్రేయస్సు' దాకా వచ్చేసరికి సైన్సు టీచరు వెనక్కి తిరిగి బీరువా వైపు చూసింది.

"అక్కడ ఎవరున్నారే? నన్ను చూసి చెప్పు."

ఆవిడ మొహంలోకి చూశాను. అంత దగ్గరగా, అంత తిన్నగా రెండు కళ్ళు నా కోసమే ఎదురుచూస్తుంటే 'సమాజ శ్రేయస్సు' తర్వాత ఏముందో మర్చిపోయాను.

బయటికొచ్చాక వరండాలో టీచరు నా భుజం మీద చెయ్యి వేసింది. "జవాబులన్నీ బాగానే ఉన్నాయి. నీ సొంతవి మాత్రం ఒక్కటీ లేవు. వాళ్ళు ఇలాంటివి రోజుకి యాభై వింటారు" అంది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంట్లో చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది. "జడ వేస్తావా అందా!" అని కళ్ళు తుడుచుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. మర్నాడు సెలూను తెరిచేసరికి అద్దానికి నిలువునా దుప్పటి కట్టి ఉంది.

మొదటి బేరం తొందర మామయ్యదే.

"ఇదేంటి బావా, నా మొహం ఏది?"

"ఉందిలే. నాకు కనిపిస్తోంది."

"నీకు కనిపిస్తే నాకేం లాభం? నువ్వు ఒకవైపు మీసం లేపేస్తే నేనెవరితో చెప్పుకోను?"

"అమ్మాయి మనుషుల్ని చూసి మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

ప్లీడరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. "కత్తి ఎటు వస్తోందో కనపడకుండా గొంతు అప్పగించడం నా వల్ల కాదోయ్. అమ్మాయి భవిష్యత్తు ముఖ్యమే. నా గొంతు కూడా ముఖ్యమే" అని వెనక్కి తిరిగారు. ఆయన వెనక ఇంకో ఇద్దరు వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి నాన్న దుప్పటి విప్పి మడత పెట్టాడు. కస్టమర్లని తప్పుపట్టలేం. తల నరికించుకోవడానికి వచ్చినట్టు బిగుసుకుని కూర్చుంటే నాన్నకి మాత్రం చెయ్యి ఎలా ఆడుతుంది?

ఇంటర్వ్యూకి ముందు రోజు సెలూనుకి వారానికోసారి వచ్చే సెలవు. పొద్దున్నే నాన్న షట్టరు సగం ఎత్తి, లోపలికి రమ్మని పిలిచాడు. ఎండ నడుం ఎత్తు వరకే లోపలికి వచ్చి ఆగింది. అమ్మ వెనక గదిలో ఉంది.

నాన్న కుర్చీ కింద మీట కాలితో నొక్కి, కుర్చీని పట్టుకుని తిప్పాడు. అది కిర్రుమంది. ఎప్పుడూ అద్దానికి ఎదురుగానే ఉండే కుర్చీ, వీపు అద్దానికి పెట్టి బల్ల వైపు తిరిగింది. నాన్న అందులో కూర్చున్నాడు. ఆయన ఆ కుర్చీలో కూర్చోగా చూడటం నాకదే మొదలు. తన గడ్డం తను పెరట్లో కుళాయి దగ్గర నిలబడి గీసుకునేవాడు. కుర్చీ కస్టమర్లది అనేవాడు.

"కూర్చో" అని బల్ల చూపించాడు.

ఎదురుగా కూర్చున్నాను. ఇంట్లో రోజూ కనిపించే మనిషే. కానీ మేం మాట్లాడుకునేదంతా సెలూన్లోనే, అద్దంలోనే. అద్దంలో నాకు బాగా తెలిసిన నాన్న కొద్దిగా ఎడమవైపుకి వంగి నిలబడేవాడు. ఈయన కుడివైపుకి వంగి కూర్చున్నాడు. నాకన్నా ఆయనకే ఎక్కువ ఇబ్బందిగా ఉన్నట్టుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నాకు మబ్బుల సంగతి తెలీదు. ఒక్కటే అడుగుతా. అక్కడికి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు?"

"జ్ఞానార్జన ద్వారా వ్యక్తిగత..."

నాన్న రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ మొహం చూస్తూ ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు.

"ఊఁ, చెప్పు."

"ఇక్కడికి ఎవరొచ్చినా ముందు చలి గురించే మాట్లాడతారు కదా నాన్నా. లేకపోతే ఎండ గురించి. చిన్నప్పుడు ఒకసారి, వాన ఈసారి ఎందుకు ముందే వచ్చిందని అడిగాను. అందరూ నవ్వారు. దానికి తోచక వచ్చిందన్నారు. అలా అడిగితే నవ్వని చోటు ఒకటుందని టీచరు చెప్పింది. అక్కడికి వెళ్ళాలని ఉంది."

"ఇంకా ఉందా?" అన్నాడు నాన్న. ఇంకా తగ్గించాలా అని కస్టమర్లని అడిగే గొంతే అది.

"ఉంది."

"మరి చెప్పు."

"నాకు ఈ బల్ల మీద ఉండిపోవాలని లేదు నాన్నా. నేను నోరు తెరిచేలోపు ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారు. అందరూ నా మంచికే చెబుతారు. కానీ నా మాట ఏదో నాకే తెలియడం లేదు. ఇక్కడే ఉంటే ఎప్పటికీ తెలియదేమోనని భయంగా ఉంది."

అన్నాక భయమేసింది. ఆ సెలూను తప్ప ఇంకో లోకం లేని మనిషితో అనాల్సిన మాట కాదేమో అనుకున్నాను. నాన్న ఒళ్ళో లేని వెంట్రుకల్ని రెండుసార్లు దులుపుకున్నాడు.

"నేను కూడా నవ్వానా? వాన గురించి అడిగినప్పుడు?"

"నవ్వావు."

నాన్న తలూపాడు. వీధిలో ఒక సైకిలు బెల్లు మోగుతూ వెళ్ళిపోయింది. షట్టరు కింద నుంచి దాని చక్రాలు మాత్రం కనిపించాయి.

"ఇది బాగుంది. ప్లీడరు గారి దానికన్నా పొట్టిగా కూడా ఉంది. రేపు ఇదే చెప్పు. సెలూను సంగతి కూడా చెప్పు, దాచకు" అని లేచాడు.

కుర్చీని మళ్ళీ అద్దం వైపు తిప్పబోతే అది పూర్తిగా తిరగలేదు. ఎన్నేళ్ళుగానో కదలని ఇరుసు ఎక్కడో పట్టేసింది. ఎంత నూనె పోసినా కాస్త వీధి వైపుకే ఉండిపోయింది. అప్పట్నుంచి మా సెలూన్లో గడ్డం చేయించుకున్నవాళ్ళందరూ ఒక కంట అద్దాన్నీ, ఒక కంట వీధినీ చూస్తూ చేయించుకున్నారు.

ఇంటర్వ్యూలో పొడవాటి టేబులు వెనక ముగ్గురున్నారు. గాజు బీరువాలేమీ లేవు, గోడ ఉంది. మధ్యలో కూర్చున్నావిడ నాన్న అడిగిందే అడిగింది. ఆవిడ కళ్ళలోకి చూసి, నాన్నకి చెప్పినట్టే చెప్పాను. సెలూను గురించి చెబుతుండగా చివర కూర్చున్న పెద్దాయన ఫక్కున నవ్వాడు. నేను చెప్పడం ఆపేశాను.

ఆయన చెయ్యి ఊపాడు. "నీ ప్రశ్నకి నవ్వలేదమ్మా. ఇవాళ పొద్దున్న కటింగు చేయించుకుంటూ నేనూ చలి గురించే మాట్లాడి వచ్చాను. అందుకు నవ్వాను. సరే, ఈ ఏడు చలి ఎందుకు ఎక్కువగా ఉందంటావు?"

"సరిగ్గా తెలీదండీ. అది తెలుసుకుందామనే వచ్చాను" అన్నాను. ఆ తర్వాత నాకు తెలిసినంత వరకు గాలుల గురించి చెప్పాను. అందులో సగం తప్పని అక్కడ చేరాకే తెలిసింది.

సీటు వచ్చినట్టు కబురు అందేనాటికి చలి తగ్గిపోయి, బాయిలరు దగ్గర ఎవరూ చేతులు కాచుకోవడం లేదు. ఉత్తరం సెలూన్లోనే విప్పాం. తొందర మామయ్య బల్ల మీద నిలబడి ఈల వేశాడు. "చూశారా, దృఢ సంకల్పం!" అన్నారు ప్లీడరు గారు. ఆ వాక్యమే సీటు తెచ్చిపెట్టిందని ఆయన ఊరంతా చెప్పుకు తిరిగారు, ఇంకెంతమంది పిల్లల చేతనో బట్టీ పట్టించారు. నాన్న నా వైపు చూశాడు. అద్దంలోకి కాదు, తల పక్కకి తిప్పి నన్నే చూశాడు.

అమ్మ హాలు నుంచి పరుగున వచ్చింది. నా రెండు చెంపలూ పట్టుకుని చాలాసేపు చూసింది.

"నీ కంటి కింద ఈ పుట్టుమచ్చ ఎప్పట్నుంచే?"

"పుట్టినప్పట్నుంచే అమ్మా."

"అవునా?" అని, అప్పుడు ఏడ్చింది.

వెళ్ళే రోజు పొద్దున్న నాన్న నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. చిన్నప్పుడు ఆ కుర్చీ చేతుల మీద పీట వేసి కూర్చోబెట్టేవాడట. జడలు వేసుకునే వయసొచ్చాక మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు. "చివర్లు చిట్లాయి. అక్కడ ఎవడో పాడు చేస్తాడు, నేనే సరిచేసి పంపిస్తా" అన్నాడు. తెల్లటి గుడ్డ మెడకి చుట్టాడు. అమ్మ నా సామాను గుమ్మంలో పెట్టింది. నన్ను బస్సు దాకా లారీలో దింపే పని తొందర మామయ్యది. ఆయన నా పెట్టె అప్పటికే భుజానికెత్తుకున్నాడు.

"తొందరగా కానియ్యి బావా. బస్సు మన కోసం ఆగుతుందా?"

దువ్వెన మెల్లగా దిగింది. కత్తెర మెత్తగా మోగింది. చివర్లు సన్నగా ఒళ్ళో పడుతున్నాయి. పెద్ద పనేమీ లేదు, చూస్తుండగానే అయిపోయింది. నాన్న చేతి అద్దం తీసి నా తల వెనక పట్టాడు. ఎదుటి అద్దంలో నా మెడ వెనక భాగం, దాని పైన నాన్న మొహం కనిపించాయి.

"సరిపోయిందా?"

సరిపోయింది. ఒక్క వెంట్రుక కూడా హెచ్చుతగ్గులు లేకుండా ఉంది.

"ఇంకొంచెం తియ్యి నాన్నా" అన్నాను.

నాన్న చేతి అద్దం కింద పెట్టి మళ్ళీ దువ్వెన అందుకున్నాడు. గుమ్మంలో తొందర మామయ్య ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి, భుజం మీది పెట్టె దింపి, చప్పుడు కాకుండా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను కళ్ళు మూసుకున్నాను. మెడ చుట్టూ టిక్ టిక్ మని పొడిగా, తీరిగ్గా కత్తెర ఆడింది. అది ఆగాక కళ్ళు తెరిచి చూస్తే, ఒళ్ళో తెల్లగుడ్డ మీద కొత్తగా ఒక్క వెంట్రుక కూడా లేదు.